పైపు పక్కకు తిరిగిన చోటు

ముప్పై నాలుగేళ్లు ఊరికి నీళ్లు వదిలిన మనిషి ఆయన. రిటైరయ్యాక కూడా అందరికీ వాల్వాయనే. ఏ వీధి కింద ఏ పైపు ఎటు పోతుందో ఆయనకు కొట్టిన పిండి. అయినా లైబ్రరీలో జరిగే చరిత్ర సభల వైపు ఒక్కసారీ తొంగిచూడలేదు. చదువుకున్నవాళ్ల మధ్య తనకేం పని అని ఆయన ఉద్దేశం.

ఆ శనివారం సాయంత్రం మాత్రం కూతురు వదిలిపెట్టలేదు. ఆమె ఆ లైబ్రరీలోనే పనిచేస్తుంది. ఏడాదిగా నెలకో సభ పెట్టి ఊరి పాత ఫోటోలు, పనిముట్లు, పెద్దవాళ్ల జ్ఞాపకాలు పోగుచేస్తున్నది ఆమే. మర్నాడు అన్నిటికంటే పెద్ద కార్యక్రమం. ఒకప్పుడు ఊరి చుట్టూ ఒక గోడ, దానికో పెద్ద ద్వారం ఉండేవని అందరూ విన్నదే. ఆ ద్వారం ఎక్కడుండేదో మాత్రం ఎవరికీ తెలియదు. రోడ్డు తవ్వి చూసుకోవడానికి మున్సిపాలిటీ ఒప్పుకుంది, కానీ ఒకే ఒక్క గుంత, ఒకే ఒక్క రోజు.

చరిత్ర చెప్పి రిటైరైన లెక్చరర్ గారు పాత పటం ఒకటి బల్ల మీద పరిచి, ఇప్పటి బేకరీకి ఎదురుగా పడే చోట వేలు పెట్టారు. పదేళ్లుగా ఆయన ఆ పటంతోనే కాపురం చేస్తున్నారు. అందరూ తలలూపారు. వెనక వరసలో వాల్వాయనకు కుర్చీ మీద కుదురుగా కూర్చోబుద్ధి కాలేదు. రెండుసార్లు లేవబోయి కూర్చున్నాడు. మూడోసారి లేచాడు.

"అక్కడ కాదండి. దానికి అవతల, టైలరు షాపు ముందు. నా గునపం తగిలింది దానికి."

ఎప్పుడని అడిగారు. ఆయన నేల చూపులు చూస్తూ చెప్పాడు. ముప్పై ఏళ్ల కిందట ఆ వీధిలో కొత్త పైపు వేస్తుంటే, నాలుగడుగుల లోతున చెక్కిన రాళ్లు బయటపడ్డాయి. పగలగొట్టి సాయంత్రానికల్లా పైపు తిన్నగా వెయ్యమని చెప్పి ఇంజనీరు వెళ్లిపోయాడు. వాల్వాయన సమ్మెట ఎత్తాడు, దించాడు. చివరికి చేతికందిన వంపు ముక్కలు బిగించి, రాళ్ల పక్కగా పైపును చుట్టు తిప్పి మట్టి కప్పేశాడు. ఆ ముక్కలు అసలు పైపు కంటే సన్నవి. సంగతి తెలిసి ఇంజనీరు మెమో ఇచ్చాడు.

"ఆ రాళ్లు పేర్చినవాడెవడో గానీ, సందులో గోరు కూడా దూరదండి. పగలగొట్టడానికి నాకు చెయ్యాడలేదు," అన్నాడు.

మూడో వరసలోంచి ఆయన వదిన, అంటే భార్యకు అక్క, మెల్లగా వెనక్కి తిరిగింది. ఆమెది ఆ వీధే. బిందె నిండడానికి పట్టే సమయంలో వంట అయిపోతుందని ఆమె ఏళ్ల తరబడి ఆయన్ని దెప్పని రోజు లేదు.

"అయితే మా కుళాయిలు ముక్కుతూ మూలుగుతూ కారడం నీ చలవేనన్నమాట, మరిదీ."

హాలంతా గొల్లుమంది. వాల్వాయనకు చెవులు వేడెక్కాయి. లెక్చరర్ గారు నవ్వలేదు. కాగితం ఏమైనా ఉందా అని మర్యాదగానే అడిగారు. ఆఫీసు ప్లానులో పైపు తిన్నగానే గీసి ఉంది. ఉన్నది ఒక్క గుంత, మాట నమ్మి పోగొట్టుకోలేం కదా అన్నారు.

"కాగితం లేదండి, పైపుంది. పొద్దున్న ఐదున్నరకి నీళ్లు వదుల్తారు. బండ్ల రొద మొదలవకముందే రండి, వినిపిస్తాను."

ఇంటికెళ్లాక భార్య అన్నం వడ్డిస్తూ, అక్క అన్నేళ్లు ఆడిపోసుకుంటుంటే ఒక్క ముక్కైనా ఎందుకు చెప్పలేదని నిలదీసింది. రాళ్ల మీద జాలిపడ్డానంటే నవ్వుతారనుకున్నానని ఆయన గొణిగాడు. ఆమె నవ్వలేదు. ఇంకో గరిటె కూర వేసింది.

తెల్లవారేసరికి టైలరు షాపు ముందు పాతికమంది దాకా పోగయ్యారు. వాల్వాయన సన్నటి ఇనుప కడ్డీ ఒకటి తెచ్చాడు. లీకులు పట్టుకునేటప్పుడు వాడేది. ఒక కొస రోడ్డు మీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంటే కింద నీళ్లు పారే చప్పుడు తెలుస్తుంది. నీళ్లు రాగానే ఆయన వంగి వినడం, అడుగు వేయడం, మళ్లీ వినడం మొదలుపెట్టాడు. చప్పుడు గట్టిగా ఉన్నచోటల్లా కూతురు సుద్దముక్కతో చుక్క పెట్టింది. చుక్కలు వీధి మధ్యన తిన్నగా వచ్చాయి. టైలరు షాపు దగ్గర ఠక్కున ఎడమకు తిరిగాయి, కాలవ పక్కనుంచి పదడుగులు నడిచి, మళ్లీ మధ్యకు వచ్చి తమ దారిన పోయాయి.

వదిన ముందుకొచ్చి కడ్డీ లాక్కుని చెవికి పెట్టుకుంది. వంపు దగ్గర విన్నది, తిన్నగా ఉండాల్సిన చోట విన్నది. "ఇక్కడ గలగలమంటోంది. అక్కడ చడీచప్పుడూ లేదు," అని అందరికీ వినబడేలా చెప్పింది.

లెక్చరర్ గారు మోకాళ్ల మీద కూర్చుని తానూ విన్నారు. చాలాసేపు విన్నారు. లేచి, పటం మడిచి సంచిలో పెట్టుకుని, చుక్కలు తప్పుకుపోయిన చోటే తవ్వమన్నారు.

తొమ్మిదింటికల్లా వీధి జనంతో కిక్కిరిసింది. తారు లేచింది, కంకర లేచింది. రెండడుగులు, మూడడుగులు దిగినా మట్టి తప్ప ఏమీ లేదు. మూడున్నర దగ్గర ఎవరో బేకరీ మాట ఎత్తారు. కూతురు తండ్రి వంక చూసింది. ఆయన చెప్పులు విడిచి గుంతలోకి దిగి, గునపం తీసుకుని మూడు పోట్లు వేశాడు. నాలుగో పోటుకు ఖంగుమంది.

ఆ చప్పుడుకు జనమంతా గుంత అంచుకు తోసుకొచ్చారు. ఆయన గునపం పక్కన పెట్టి చేతులతోనే మట్టి తోశాడు. మధ్యాహ్నానికి వెడల్పాటి గడప రాళ్లు రెండు పూర్తిగా తేలాయి. తలుపు తిరిగే గుంట ఒకటి గుండ్రంగా అరిగి ఉంది. రాళ్ల మీదుగా బండి చక్రాలు వందల ఏళ్లు దొర్లి చేసిన రెండు గాడులు అవతలి కొసదాకా సాగాయి. లెక్చరర్ గారు గుంతలోకి దిగి ఆ గాడిలో అరచెయ్యి ఆనించారు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"నేను పదేళ్లు కాగితంలో వెతికాను. మీరు ఆనాడు ఒక్క పూటలో దీన్ని బతికించారు. మీరే చెప్పండి జనానికి," అని మైకు ఆయన చేతిలో పెట్టారు.

వాల్వాయన జీవితంలో మైకు పట్టుకోవడం అదే మొదలు. మొదటి రెండు మాటలూ ఎవరికీ వినబడలేదు. ఆ తర్వాత గొంతు కుదుటపడింది. ఆనాటి ఎండ, ఇంజనీరు హడావుడి, ఎత్తి దించిన సమ్మెట, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పాడు. చప్పట్లు మోగుతుంటే ఆయన వదిన పక్కనున్న వాళ్లందరికీ "మా మరిది" అని పనిగట్టుకుని చెప్పుకుంటోంది. గుంత పూడ్చబోమని, చుట్టూ కటకటాలు కట్టిస్తామని, ఆ వీధికి వెడల్పాటి పైపు వేరే దారిన వేస్తామని మున్సిపాలిటీ ఇంజనీరమ్మ అక్కడే మాటిచ్చింది.

ఆయన ఇంటికి కదిలేసరికి మూడయింది. పదడుగులు వేశాడో లేదో, చెప్పుల షాపు ముసలాయన ఆపి, మా షాపు కింద ఏముందో తెలుసా అని అడిగాడు. అక్కడ ఇటుకలు పేర్చిన పాత కాలవ ఒకటుందని వాల్వాయన చెప్పాడు. అంతలో మందుల షాపావిడ వచ్చింది. స్కూలు వీధివాళ్లు నలుగురు చుట్టూ మూగారు. కూతురు నోటు పుస్తకం తెరిచి, నెమ్మదిగా చెప్పమంది.

"నడుస్తూ చెప్తాను, రండి," అన్నాడాయన, ఇంటి దారి వదిలి స్కూలు వీధిలోకి తిరుగుతూ.