డాన్ ఫాబియాన్ ముందుగది

నెల్డా కాంతుకి ఒక జబ్బు ఉంది. ఎవరింటికి వెళ్లినా గుమ్మంలో అడుగు పెట్టగానే కళ్లు గోడల మీదికి పోతాయి, ఆ వెంటనే నోరు ఊరుకోదు. పరామర్శకి వెళ్లిన ఇంట్లో కూడా, పోయినాయన గురించి రెండు మంచి మాటలు చెప్పి, మూడో మాటగా "ఆ సోఫాని కిటికీకి అడ్డంగా ఎందుకు పెట్టారు?" అని అడిగిన మనిషి. అదృష్టం కొద్దీ ఆ జబ్బే ఆమెకి కూడు పెడుతోంది. సాన్ ఆంటోనియోకి ఉత్తరాన కొండల్లో కాపురముండే డబ్బున్నవాళ్లు ఇల్లు తీర్చిదిద్దమని ఆమెని పిలిచి మరీ ఫీజు ఇస్తారు. తను పుట్టి పెరిగిన పడమటి పేటలో మాత్రం ఆమె సలహా ఉచితం. ప్రతి శనివారం పొద్దున పేట రేడియోలో గంటసేపు మాట్లాడుతుంది. ఆడవాళ్లు తొర్తీయా రొట్టెలు కాలుస్తూ వింటారు, విని పెదవి విరుస్తారు, సాయంత్రానికల్లా మొగుణ్ణి పిలిచి సోఫా జరిపిస్తారు.

అలాంటి నెల్డా ఆఫీసుకి ఒకరోజు డాన్ ఫాబియాన్ వచ్చాడు. ఆ పేటలో మగాళ్లకి డాన్, ఆడాళ్లకి డోన్యా అంటే మన గారు లాంటిది. చేతిలో తీపి రొట్టెల సంచీ, తలకి కొత్త టోపీ, మొహం నిండా మొహమాటం. ఆయన నెల్డాకి జ్ఞానతండ్రి. జ్ఞానస్నానం నాడు ఆమెని ఎత్తుకున్నదీ ఆయనే, పదిహేనో పుట్టినరోజు పండక్కి తెల్ల చెప్పులు కొనిపెట్టిందీ ఆయనే. సిటీ బస్సుల షెడ్డులో మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. భార్య ఎల్విరా పోయి నాలుగేళ్లయింది.

"ఏంటి పద్రీనో, కబురు పెడితే నేనే వచ్చేదాన్ని కదా!" అంది నెల్డా కుర్చీ లాగుతూ.

"ఇది ఇంటి దగ్గర మాట్లాడేది కాదమ్మా. పక్కింటి రామోనా పొద్దస్తమానం కంచె మీదే ఉంటుంది." ఆయన టోపీ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. "తెంచాని అడిగాను."

"ఏమని?"

"ఏమనేంటి? పెళ్లి చేసుకుందామని. ముసలాడికి ఇదేం పోయేకాలం అని నవ్వావంటే వెళ్లిపోతా."

నెల్డా నవ్వలేదు గానీ కొరికిన రొట్టె ముక్క గొంతులో అడ్డం పడింది. డోన్యా తెంచా ఆయన కొడుక్కి జ్ఞానతల్లి. ఆ లెక్కన ఆవిడ ఈ ఇంటికి కొమాద్రే, ఈయన ఆవిడకి కొంపాద్రే, అంటే తోబుట్టువుల్లాంటి వరస. రక్తం పంచుకున్నవాళ్లు కొట్టుకుని విడిపోయినా ఆ వరస మాత్రం తెగదు. అందులో పెళ్లిమాట ఎత్తితే నోటి మీద వేలేసుకునేవాళ్లు ఆ పేటలో ఇంకా ఉన్నారు. చర్చి ఫాదర్‌గారు అభ్యంతరం లేదన్నారట. ఫాదర్‌గారిదేం పోయింది, వీధి చివర కొట్టు దగ్గర నిలబడి ఆ మాటలు పడేది ఆయన కాదుగా.

"ఆవిడేమంది?"

"కాదనలేదు. 'ఎల్విరా ఇంట్లోకి నేను రాలేను కొంపాద్రే' అంది. కాఫీ తాగేసి వెళ్లిపోయింది."

"అంటే ఆవిడకి అడ్డం మీరు కాదు, ఇల్లు."

"నాకూ అలాగే అనిపించింది. అందుకే నీ దగ్గరికొచ్చా." ఆయన గొంతు తగ్గించాడు. "అది ఎల్విరా ఇల్లులా కనబడకుండా చెయ్యి తల్లీ. తెంచా వచ్చి చూసి సరే అనేలా చెయ్యి. పొద్దున్నే లేచి కాఫీ పెట్టుకుంటా, రెండు కప్పులు తీస్తా, ఒకటి మళ్లీ లోపల పెడతా. ఈ వయసులో ఇది చాలా కష్టంగా ఉందే."

 నెల్డా డాక్టరులా ధైర్యం చెప్పింది. "మీరు ఇల్లు నాకొదిలేయండి పద్రీనో. వచ్చే ఆదివారం కాదు, ఆపై ఆదివారం ఆవిణ్ణి భోజనానికి పిలవండి. మిగతాది నేను చూసుకుంటా."

ఆ ముందుగది నెల్డాకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఎల్విరా మీది గౌరవం కొద్దీ ఇన్నేళ్లూ దాని గురించి నోరు మెదపలేదంతే. గోడలు పిస్తా రంగు ఆకుపచ్చ. కర్టెన్ల మీద క్యాబేజీలంత గులాబీలు. సోఫా పైన తలుపంత అద్దం, దాని చుట్టూ బంగారు రంగు ఆకులూ లతలూ. మూలన ఒక దీపం, దానికి పూసల జాలరు, ఎవరైనా గట్టిగా తుమ్మితే గలగలమంటుంది. తన జ్ఞానతల్లి, మద్రీనా ఎల్విరా మనసు వెన్న, కళ్లు మాత్రం దేవుడు ఇచ్చినట్టు లేదు అనుకుంది నెల్డా.

"ఈ అద్దం ఎవరిది?" అని అడిగింది.

"ఎల్విరాది."

"ఆ దీపం?"

"అదీ ఎల్విరాదే. అన్నీ ఆవిడ పెట్టినవే. ఒకరోజు డ్యూటీ దిగి వచ్చేసరికి గోడలు పచ్చగా ఉన్నాయి. బాగుందా అంది. బాగుందన్నా."

నెల్డాకి ఆ మాత్రం చాలు. "గదిలో ఇప్పుడు ఎవరుంటున్నారో వాళ్లని బట్టి గది ఉండాలి, ఒకప్పుడు ఉన్నవాళ్లని బట్టి కాదు" అని రేడియోలో ఎన్నిసార్లు చెప్పిందో ఆమెకే గుర్తులేదు. ఎల్విరా ఫోటోని మాత్రం తనే తుడిచి, నడవలో మంచి చోటు చూసి తగిలించి, కింద కొవ్వొత్తి వెలిగించింది. తక్కినవన్నీ చర్చి వాళ్ల పాతసామాన్ల కొట్టుకి వ్యానులో వెళ్లిపోయాయి. గోడలకి సున్నపు తెలుపు. కిటికీలకి గోధుమ రంగు నారబట్ట. లేత చెక్కతో చేసిన బల్లపరుపు సోఫా ఒకటి. మూలన కుండీలో ఒకే ఒక్క మొక్క, అది కూడా నాలుగే ఆకులతో. పని పూర్తయ్యాక నెల్డా గుమ్మంలో నిలబడి చూసుకుని మురిసిపోయింది. ఉత్తరం వైపు ఇళ్లలో అయితే ఇలాంటి గదికి ఫోటోలు తీయించుకునేవాళ్లు.

డాన్ ఫాబియాన్ కొత్త సోఫా అంచున కూర్చుని, చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు.

"ఎలా ఉంది పద్రీనో?"

"బాగుందమ్మా. పళ్ల డాక్టరు లోపలికి పిలుస్తాడేమో అనిపిస్తోంది గానీ, బాగుంది."

"అలవాటైపోతుంది లెండి."

ఆదివారం పూజ అయ్యాక డోన్యా తెంచా వచ్చింది. ఆవిడ కుట్టుపని మీద ఒంటరిగా బతికే మనిషి. పేటలో సగంమంది పెళ్లికూతుళ్లు ఆవిడ కుట్టిన గౌన్లలోనే చర్చి మెట్లెక్కారు. కుడిచేతిలో ఎర్ర పచ్చడి గిన్నె, ఎడమచేతిలో చేతిసంచీ. బర్బకోవా మాంసం ఘుమఘుమలు వంటింట్లోంచి వీధిదాకా వస్తున్నాయి. నెల్డా మర్యాదగా పక్కకి తప్పుకుని దారి ఇచ్చింది. తెంచా గుమ్మం దాటి రెండడుగులు వేసి ఆగిపోయింది.

"కొంపాద్రే, దొంగలు పడ్డారా?"

"లేదు డోన్యా తెంచా," నెల్డా గలగలా నవ్వింది, "కొత్తగా సర్దాం."

"సర్దడానికి ఏదైనా ఉండాలి కదే అమ్మాయ్."

ఆవిడ పచ్చడి గిన్నె నెల్డా చేతిలో పెట్టి గది చుట్టూ తిరిగింది. కిటికీ దగ్గర ఆగి నారబట్టని రెండు వేళ్లతో పట్టుకుని వదిలేసింది. సోఫా పైన గోడ మీద అరచెయ్యి ఆనించింది. డాన్ ఫాబియాన్ టోపీ తీసి చేతుల్లో పట్టుకున్నాడు.

"ఇక్కడ అద్దం ఉండేది," అంది. "దాన్ని నేనూ ఎల్విరా బస్సులో మోసుకొచ్చాం. డ్రైవరు ఎక్కనివ్వనన్నాడు. 'నా మొగుడు మీ షెడ్డులోనే పని చేస్తున్నాడు, బ్రేకులు పీకించేస్తా' అని ఎల్విరా వాడితో దెబ్బలాటకి దిగింది. మీకు చెప్పిందా?"

"అద్దం కొన్నానని చెప్పింది," అన్నాడాయన నెమ్మదిగా.

"తను కొనలేదు, నేను కొనిపించాను. ఆ పచ్చరంగు నేను కలిపించాను. కర్టెన్లు నేను కుట్టాను, ఆ దీపానికి పూసలు నేను గుచ్చాను. ఎల్విరాకి ఇవేమీ పట్టేవి కావు. 'నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి కొమాద్రే, నేను కాఫీ పెడతా' అనేది."

"మరి అన్నీ తనే చేసినట్టు చెప్పేదే!"

"నేనే చెప్పమన్నాను. పెళ్లాం సర్దిన ఇల్లంటే మగాడికి ముద్దుగా ఉంటుంది. ఎవరో కొమాద్రే వచ్చి సర్దిపోయిందంటే ఏం బాగుంటుంది?"

నెల్డా నాలిక కరుచుకుంది. ఏ మనిషిని ఈ ఇంటికి తెచ్చుకోవాలని ఆయన తపించాడో, సరిగ్గా ఆ మనిషి చేతిపనినే ఏరి ఏరి వ్యానెక్కించి పంపించింది తను. మద్రీనాకి కళ్లు లేవనుకుందే, ఇప్పుడు తన కళ్లే ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.  పచ్చడి గిన్నె సోఫా మీదే పెట్టేసి కారు తాళాల కోసం సంచీ వెతికింది.

"చర్చి కొట్టు తీసే ఉంటుంది. గంటలో అన్నీ వెనక్కి తెచ్చేస్తాను. ఎవరైనా కొనుక్కుని ఉంటే వాళ్లింటికెళ్లి కాళ్లు పట్టుకునైనా తెస్తాను."

"కూర్చో," అంది తెంచా.

"లేదు డోన్యా తెంచా, తప్పు నాది..."

"కూర్చోమన్నానా! ఏదీ తేవద్దు. ముందు ఆ గిన్నె తియ్యి, సోఫాకి మరక పడుతుంది."

నెల్డా గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. తెంచా డాన్ ఫాబియాన్ వైపు తిరిగింది.

"ఎల్విరా ఇంట్లోకి రాలేనన్నాను. ఎందుకు రాలేవని అడిగారా కొంపాద్రే?"

"లేదు."

"పరుగెత్తుకెళ్లి ఈ పిల్లని పిలిచారు. గోడలకి సున్నం కొట్టించారు. నన్నొక్క మాట అడిగుంటే చెప్పేదాన్నిగా!" ఆవిడ సోఫా రెండో చివర కూలబడింది. "నేనీ ఇంట్లో కాపురానికి వస్తే రామోనా ఏమంటుంది? ముప్పై ఏళ్ల కిందటే కర్టెన్లు కుట్టి పెట్టుకుంది, అంటుంది. గూడు తయారుగా పెట్టుకుని ఎల్విరా ఎప్పుడు పోతుందా అని చూస్తూ కూర్చుంది, అంటుంది. అది అంటే అననీ, దాని నోటికి తాళం ఎవరు వెయ్యగలరు? నాకే అలా అనిపించేది. మీరు అడిగిన రోజున ఆ కర్టెన్ల పక్కన కూర్చున్నాను చూడండి, నా గుండె దడదడలాడింది. నేను ఎల్విరా కోసం చేశాను కొంపాద్రే. మదర్ మేరీ మీద ఒట్టు, దాని కోసమే చేశాను."

ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంది. డాన్ ఫాబియాన్ కంగారుపడి వంటింట్లోకి పరుగెత్తి, కాగితపు రుమాళ్లు కనబడక గిన్నెలు తుడిచే గుడ్డ పట్టుకొచ్చాడు. ఆవిడ దాంతోనే ముక్కు తుడుచుకుంది. నెల్డా తల వంచుకుని పచ్చడి గిన్నె వంక చూస్తూ ఉండిపోయింది, ఆమెకి కూడా ఏడుపొస్తోంది.

డాన్ ఫాబియాన్ ఖాళీ గోడల వైపు చెయ్యి చూపించాడు. "ఇప్పుడు మరి ఇక్కడ మీది గుడ్డపీలిక కూడా లేదు కదా."

తెంచా తలెత్తింది. తెల్లగోడలు చూసింది, నారబట్ట చూసింది, నాలుగాకుల మొక్కని చూసింది. ముందు ఆవిడ భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికొచ్చింది, ఆగకుండా వచ్చింది, కంచె అవతల రామోనాకి వినబడేంత గట్టిగా వచ్చింది.

"అవును, ఈ పిల్ల ధర్మమా అని నాదంటూ ఏమీ మిగల్లేదు! ఇది నేను నా కోసం సర్దుకున్నానని నా శత్రువు కూడా అనదు. అమ్మాయ్, ఇలాంటి గదికి మనుషులు నీకు డబ్బిస్తారా?"

"తెలుపు మనసుకి ప్రశాంతంగా ఉంటుంది డోన్యా తెంచా," అంది నెల్డా, కొంచెం రోషంగానే.

"శవాల గదిలో కూడా ప్రశాంతంగానే ఉంటుంది." తెంచా కళ్లు ఒత్తుకుని ఆయన వైపు తిరిగింది. "సరే. ఈ గోడలకి మీకేం రంగు కావాలి?"

"నాకా?" అన్నాడు డాన్ ఫాబియాన్.

"మీకే. ఇందులో ఉంటున్నది మీరేగా."

ఆయన నెల్డా వైపు చూశాడు. ఆమె సాయం చెయ్యలేదు. టోపీ చేతుల్లో తిప్పుతూ, తప్పు ఒప్పుకుంటున్నవాడిలా చెప్పాడు.

"నీలం."

"నీలమా! ఎప్పట్నుంచి?"

"ఈ ఇల్లు కొన్నప్పట్నుంచి. ఎవరూ అడగలేదు."

ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకావిడ ఆయన్ని అడక్కుండా పచ్చరంగు వేయించింది, ఇంకొకావిడ అడక్కుండా తెలుపు వేయించింది. ఇద్దరికీ తప్పించుకునే దారి లేదు. నెల్డా మారుమాట్లాడకుండా సంచీలోంచి రంగుల అట్టలు తీసి, నీలాలన్నీ విడదీసి, వాటిలో తనకి నచ్చినదాన్ని పైన పెట్టబోయి, మానేసి, అన్నిటినీ కలిపి తెంచా చేతికిచ్చేసింది.

తెంచా వాటిని పట్టుకుని వెలుతురు కోసం కిటికీ దగ్గరికి నడిచింది. ఒక్కొక్కటీ దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఇలా రా ఫాబియాన్," అంది వెనక్కి తిరక్కుండానే. "పొద్దున్నే లేచి ఈ గదిలోకి రాగానే నాకు తలనొప్పి తెప్పించని నీలం ఏదో చూద్దాం."

ఆ ఇంటికి ఇన్నేళ్లుగా వస్తూ పోతూ ఆవిడ ఆయన్ని పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. డాన్ ఫాబియాన్ లేచి ఎలాగో కిటికీ దాకా వెళ్లాడు గానీ, ఆయనకి అట్టలేవీ కనిపించలేదు, కళ్లనిండా నీళ్లే.

"ఏదైనా పరవాలేదు," అన్నాడు.

"పరవాలేదంటే కుదరదు," అంది తెంచా, ఆయన చెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగుతూ. "సరిగ్గా చూసి చెప్పు."