చెప్పి ముట్టుకోవాలి

స్త్రీల వార్డుకు కాగితాల మీద అధిపతులు ఎందరో ఉండేవారు గాని, ఏలిక మాత్రం ఒక్కతే. ఆవిడను డాక్టర్లు పెద్ద సిస్టర్ అనేవారు. రోగులు పెద్దమ్మ అనేవారు. ఆవిడ చుట్టుపక్కల లేదని రూఢి చేసుకున్నాక ఆయాలు దొరసాని అనేవారు. ఆ సామ్రాజ్యానికి ఒక పక్క మందుల అలమర, మరో పక్క చేతులు కడుక్కునే తొట్టి ఎల్లలు. థర్మామీటరు రాజదండం. దుప్పటిలో ముడత కనిపిస్తే ఆవిడ కనుబొమ లేచేది. అది లేచిందంటే ఎంతటి సర్జనుకైనా వేరే వార్డులో అత్యవసరమైన పని గుర్తుకొచ్చేది.

అంతటి ఏలిక ఆ ఉదయం తన పూర్వపు రాజ్యంలోనే, వార్డు చివరి చిన్నగదిలో, ఎవరినీ హడావుడి పెట్టకుండా కన్నుమూసింది. పదవీ విరమణ చేసి చాలా ఏళ్ళయినా, పోవడానికి మరో చోటు ఆవిడకు నచ్చలేదు.

మనవరాలు అదే వార్డులో నర్సు. గోరువెచ్చని నీళ్ళ బేసిన్ పట్టుకుని ఆ గది గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. చేతులకు పని తెలుసు. భయమంతా నాలుకకే. అమ్మమ్మకు మాటిచ్చింది మరి. ఇచ్చిననాడు అమ్మమ్మ నిక్షేపంగా బతికి ఉండడం చేత అది చాలా తేలికైన మాటగా తోచింది.

"చివరి స్నానం నువ్వే చేయించాలే" అంది ఆనాడు అమ్మమ్మ. "కొత్తపిల్లలకు అప్పగించావో, ఊరుకోను. నోరు మూసుకుని చేశావో, అసలు ఊరుకోను."

"పోయాక ఊరుకోక ఏం చేస్తావేంటి?"

"అది అప్పుడు తెలుస్తుందిగా!"

చెప్పి ముట్టుకోవాలి. ఇది ఆ వార్డు రాజ్యాంగంలో మొదటిదీ చివరిదీ అయిన అధికరణం. పడుచుతనంలో ఒకసారి, మగవాళ్ళ వార్డులో పనిచేసేటప్పుడు, అమ్మమ్మ కళ్ళకు కట్లు కట్టిన ఒక ముసలాయనను చెప్పాపెట్టకుండా పక్కకు తిప్పిందట. "ఎవరు? ఎవరది?" అని ఆయన గాలిలో చేతులాడిస్తూ వణికిపోయాడట. అప్పటినుంచి ఆవిడ ఏ పనీ మౌనంగా చేయలేదు. "చెయ్యి ఎత్తుతున్నా తల్లీ." "సూది గుచ్చుతున్నా, చురుక్కుమంటుంది." "దిండు సర్దుతున్నా." చురుక్కుమనేదాన్ని చురుక్కుమనదని చెప్పడం ఆవిడ దృష్టిలో దొంగతనం కన్నా నీచం. ఇంట్లోనూ ఇదే వరస. మనవరాలి బాల్యమంతా ప్రకటనల మధ్యనే గడిచింది. "దుప్పటి లాగుతున్నా, లే." "తల దువ్వుతున్నా, చిక్కుంది, లాగుతా, అరవకు." అరవడం ఎలాగూ తప్పేది కాదు, కాకపోతే ముందస్తు సమాచారంతో అరిచేది.

పోయినవాళ్ళకూ ఆవిడ మినహాయింపు ఇవ్వలేదు. కడుగుతున్నంతసేపూ చెబుతూనే ఉండేది. ఎవరో కుర్ర డాక్టరు నవ్వి, వాళ్ళకు వినపడదు కదా సిస్టర్ అంటే, "వినపడలేదని వాళ్ళెవరైనా వచ్చి మీతో చెప్పారా బాబూ?" అని వినయంగా అడిగింది. శాస్త్రం ఆ ప్రశ్నకు ఇంకా జవాబు వెతుకుతోంది.

మనవరాలికి మాత్రం అది చేతకాలేదు. బతికున్న వాళ్ళతో గలగలా మాట్లాడే పిల్ల, శవం ముందు నాలుక అంగిట్లో అతుక్కుపోయి, మూగగా పని ముగించుకుని వచ్చేసేది. అది అమ్మమ్మకు తెలుసు. తెలిసే మాట తీసుకుంది.

గది బయట బల్ల మీద మేనమామ కూర్చుని ఉన్నాడు. బస్సు కండక్టరు. చివరి సీటులో నిద్రపోయేవాణ్ణి కూడా లేపి దించగల గొంతు. తల్లికి బాగాలేదని కబురు వెళ్ళినా, ఆవిడ పోయాకే వచ్చాడు. వచ్చాక లోపలికి అడుగు పెట్టలేదు.

"ఒక్కసారి చూస్తావా మామయ్యా?"

"మీరు కానివ్వండి" అన్నాడు నేల చూపులు చూస్తూ. "చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే పక్కింటి వాళ్ళు చూశారు. ఊరందరికీ జ్వరమొస్తే మా అమ్మ చూసింది. ఇప్పుడు మాత్రం నేనెందుకు? వార్డువాళ్ళ సొత్తు, వార్డువాళ్ళే చూసుకోండి."

లోపల ఆయా అప్పటికే చేతులు కడుక్కుని సిద్ధంగా ఉంది. పెద్ద సిస్టర్ చేత జీవితకాలం చీవాట్లు తిని, అందువల్లనే ఆవిడను ప్రాణంగా చూసుకున్న మనిషి.

"అమ్మమ్మా..." అంది మనవరాలు. ఆ పైన మాట రాలేదు.

"పిలిస్తే సరా? ఏం చేస్తున్నావో చెప్పు" అంది ఆయా. "ఉత్త పిలుపులకి పొంగిపోయే మనిషా ఆవిడ?"

మనవరాలు బేసిన్ కింద పెట్టింది. "సెలైన్ సూది తీస్తున్నా. ప్లాస్టరు... ప్లాస్టరు లాగితే చురుక్కుమంటుంది."

అలవాటుకొద్దీ వచ్చిన మాట. ఇద్దరూ ఒక్క క్షణం ఆగి అమ్మమ్మ ముఖం వైపు చూశారు. ఆ ముఖం ఏ అభ్యంతరమూ తెలపలేదు.

ఆ తర్వాత మాట తోవ పట్టింది. తడిదూదితో కళ్ళు తుడుస్తున్నానంది. చేతులు కడుగుతున్నానంది. ఆ వేళ్ళ సందుల్లో మందునీళ్ళకు పగిలి, మానీ మానని గీతలు. ఎన్ని లేపనాలు రాసినా ఆ చేతులు ఏనాడూ మెత్తబడలేదు. పిల్లల చెంపలు నిమిరితే గరుకుగా తగిలేవి. "గోళ్ళు తీస్తున్నా. నా గోళ్ళు ఎంత లోతుకు తీసేదానివో గుర్తుందా? చిక్కుడుకాయ ఒలవడానికి కూడా పనికొచ్చేవి కావు."

"పక్కకు తిప్పుతున్నామండీ దొరసానిగారూ" అంది ఆయా. జన్మలో మొదటిసారి ఆ మాట ఆవిడ ఎదుట అనడం.

"కాస్త సాయం పట్టొచ్చుగా అమ్మమ్మా! ఎప్పుడూ మొండితనమే."

ఆయా ఫక్కున నవ్వింది. నవ్వుతూనే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఒళ్ళు తుడవడం అయింది. తల దువ్వి జడ వేయడం అయింది. నోరు తెరుచుకోకుండా దవడ కింద గుడ్డచుట్ట పెట్టడం, ఉతికిన దుప్పటి మెడ దాకా పరవడం అయింది. ముడత ఒక్కటి లేదు. ఇక మిగిలింది ముఖం. బయటికి తీసుకువెళ్ళాలంటే మంచాల మధ్య నుంచే పోవాలి. వార్డులో పడుకున్న వాళ్ళు చూసి బెంబేలెత్తకుండా కప్పి తీరాలి. ఆ నియమం పెట్టింది కూడా అమ్మమ్మే.

మనవరాలు దుప్పటి అంచు పట్టుకుంది. అన్నీ చెప్పిన నోరు ఆ ఒక్కటీ చెప్పనంది. చెప్పకుండా కప్పితే ఇచ్చిన మాట గంగపాలు. చెబితే, ఇంక చెప్పవలసింది ఏదీ మిగలదు.

"నేను కప్పనా అమ్మాయ్?" అంది ఆయా మెల్లగా.

"వద్దు." అంచు వదిలేసింది. "ముందు ఇంకొకళ్ళకి చెప్పాలి."

వెళ్ళి తలుపు తీసింది. "మామయ్యా, అమ్మమ్మ ముఖం కప్పేస్తున్నాం. నీకు చెప్పకుండా కప్పకూడదు. నువ్వు ఒద్దంటే ఆగుతా, కప్పెయ్యమంటే కప్పేస్తా. బల్ల మీద నుంచి మాత్రం చెప్పకు."

మేనమామ లేచాడు. తలుపు పట్టుకుని కాసేపు నిలబడి, తరువాత లోపలికి వచ్చాడు. మంచం పక్కన చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, టిక్కెట్ల సంచి వేలాడే చోటును తడుముకున్నాడు. ఈరోజు సంచి లేదు.

"ఏం మాట్లాడాలి?"

"ఏం చేస్తున్నావో అదే చెప్పు. ఇక్కడ అంతే."

కండక్టరు గొంతు సవరించుకున్నాడు. బస్సంతా వినపడే ఆ గొంతు మంచం దాకా కూడా రాలేదు.

"అమ్మా, నిలబడ్డాను" అన్నాడు.

ఇంకాసేపటికి వంగి, ఆ గరుకు చేతి మీద తన చెయ్యి పెట్టాడు. "చెయ్యి పట్టుకున్నాను. ఏడుస్తున్నానమ్మా" అన్నాడు.

ఆయా గోడవైపు తిరిగింది. మనవరాలు ఆయన ఏడ్చినంతసేపూ ఆగింది. ఆయన ముఖం తుడుచుకుని తల ఊపాక దుప్పటి అంచు అందుకుంది.

"అమ్మమ్మా, ముఖం కప్పుతున్నాం" అంది. "నాకు ఇష్టం లేదు. అయినా కప్పుతున్నాం."

కప్పింది.