జీపు కింద బండి పట్టాలు

జీపుకు ఇంజను అడుగున నూనె తొట్టి ఉంటుంది. మేం చాంబరు అంటాం. దానికి రాయి తగిలిందా, జీపు పనైపోయినట్టే. దాని కింద అడ్డంగా ఇనుము వేయించండని పైవాళ్ళకు ఎన్నిసార్లు మొత్తుకున్నానో. గోడతో చెప్పుకున్నట్టే అయింది.

పెనుకొండ చుట్టుపక్కల పల్లెలకు ఆసుపత్రి జీపు నడిపేవాణ్ణి అప్పుడు. యాభైతొమ్మిదిలో బోడిగుట్టపల్లి ఓబుళప్ప కూతురు ఈరక్క తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగిందని, నొప్పులు మొదలైతే వెంటనే కబురు పెట్టమని నర్సమ్మ ముందే హెచ్చరించింది. కబురు రాగానే ఆమెను ఎక్కించుకుని బయల్దేరాను. ఆ ఊరి బండిదారి ఎప్పుడూ నా నడుం విరగ్గొట్టేది. ఆ రోజు మాత్రం చక్రాలు పోయే రెండు గాళ్ళూ ఊడ్చినట్టున్నాయి.

"దారి ఎవరప్పా బాగుచేసింది?" అని అడిగాను.

"నేనే సంజీవప్పా. నా బిడ్డకు కుదుపు తగలగూడదు గదా," అన్నాడు ఓబుళప్ప. అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. మెచ్చుకున్నాను కూడా.

వచ్చేటప్పుడు తేలిగ్గా ఉన్న జీపు, ఈరక్కతో పాటు ఇంటి ఆడవాళ్ళూ ఓబుళప్పా ఎక్కేసరికి బాగా కుంగింది. వంక దిగుతుంటే కింద ఫెళ్ళుమంది. దూరి చూస్తే చాంబరు పగిలి నూనె కారిపోతోంది. గాళ్ళలో ఏరిన రాళ్ళన్నీ ఓబుళప్ప నడిమి మిట్ట మీద పోశాడు. ఎద్దులబండి కింద గొర్రెపిల్ల దూరిపోయేంత ఎత్తుంటుంది, నడిమి రాళ్ళు దానికి అడ్డం రావు. ఆ ఊళ్ళో ఎవరు దారి చక్కచేసినా అట్లాగే చేస్తారు.

ఓబుళప్ప పరుగున పోయి తన ఎద్దులబండి తెచ్చాడు. పెనుకొండ కొండ కనిపిస్తుండగా ఈరక్క పోయింది. బిడ్డా దక్కలేదు.

"జీపుకు ఏమాయ సంజీవప్పా?" అని అడిగాడు ఆసుపత్రి మెట్ల మీద కూలబడి.

"పాతది గదప్పా. చాంబరు తుప్పు పట్టి పగిలింది," అన్నాను. నిజం చెప్తే ఆ మనిషి బతకడని భయమేసింది.

పెద్దకర్మ అయ్యాక మా షెడ్డుకు వచ్చాడు. తన బండిచక్రాలకు బిగించి ఉన్న ఇనుప పట్టాలు రెండూ ఊడదీసి, ఎవరి బండిలోనో వేసుకొచ్చాడు.

"వీటిని చాపించి, దాని కడుపు కింద కొట్టించబ్బా."

"నీ బండికో?"

"ఇంగ నాకు బండి యాల?"

నాకు ఒళ్ళు మండింది. "పిచ్చి పట్టిందా నీకు? తీసుకొని పో," అని కసిరాను. కదల్లేదు.

"తుప్పని చెప్పినావు. నేను మళ్ళా ఆడికి పోయి చూసినా. నేను పోసిన రాళ్ళకే నూనె అంటుకొని ఉండాది."

ఇద్దరం ఆ పట్టాలను దొర్లించుకుంటూ కమ్మరి దగ్గరికి పోయాం.

కమ్మరి ఆ పట్టాలను కాల్చి, చాపి, ముక్కలు కోసి, పక్కపక్కన పేర్చి రివిట్లు కొట్టాడు. బిగించడానికి నేను జీపు కిందికి దూరాను. ఓబుళప్ప కూడా వెల్లకిలా పాక్కుంటూ వచ్చి, ఆ ఇనుమును రెండు చేతులతో పైకెత్తి పట్టుకున్నాడు. చాంబరు అతని ముఖానికి జానెడు దూరంలో ఉంది. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"ఇంత కిందికి ఉంటాదా సంజీవప్పా? మా బండి మాదిరే అనుకుంటినే," అన్నాడు.

కళ్ళనీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుచుకోవడానికి అతనికి చేతులు ఖాళీ లేవు. నాకూ లేవు.