వీధిపోటు

గోడ అవతలి మనుషులందరూ నిర్మలమ్మకు గొంతులతోనే తెలుసు. నల్లగొండ ఊరు దేవరకొండ రోడ్డు వెంట పెరుగుతూ వచ్చి, ఆ గోడ దగ్గర ఆగిపోయింది. అవతలి వెంచర్ నిండా ఇళ్లే. ఇవతలి వెంచర్‌లో ఆమెది ఒక్కటే ఇల్లు. మిగతావన్నీ హద్దురాళ్లు, తుమ్మచెట్లు.

గోడ కట్టించింది ఆమె భర్త రఘుపతే. అవతలి వీధి నేరుగా వచ్చి తమ గేటుకే తగులుతుందనీ, వీధిపోటున్న ఇంటి యజమాని ఎక్కువ రోజులు బతకడనీ ఎవరో చెబితే, వెంచర్ వాళ్ల వెంటపడి దారి మూయించాడు. గోడ లేచిన రెండేళ్లకే గుండెనొప్పితో పోయాడు.

ఆ రోజు పొద్దున గోడ పక్కింటి కరుణ గొంతు వినపడింది. బిడ్డను అత్తగారింటికి పంపుతున్నారట, సకినాలు చుట్టడానికి చేతులు చాలడం లేదట. నిర్మలమ్మ గబగబా చీర మార్చుకుంది. సకినాలు చుట్టడంలో పుట్టింట్లో ఆమెను మించినవాళ్లు లేరు. కానీ ఇరవై అడుగుల దూరంలో ఉన్న ఆ వాకిలికి చేరాలంటే మెయిన్‌రోడ్డు దాకా నడిచి, లారీల పక్కనుంచి అవతలి వెంచర్ కమాను దాకా పోయి, మళ్లీ అంతదూరమూ లోపలికి రావాలి. మోకాళ్ల నొప్పితో ఆగి ఆగి ఆమె చేరేసరికి చివరి వరుస సకినాలు బట్టమీద ఆరుతున్నాయి.

ఏ ఇంటామెవని అక్కడున్న ఆడవాళ్లు అడిగారు. గోడ వెనక ఇల్లని చెప్పింది.

"గా గోడెనక మనుషులుంటరా?" అంది కరుణ. "కప్పు చూసి గోదామనుకున్న ఇన్ని రోజులు. ఎవరు కట్టిన్రో గానీ పెద్దమ్మా, నడిబజార్ల అడ్డం పెట్టిన్రు."

నిర్మలమ్మ చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"మేమే కట్టించినం బిడ్డా," అంది.

వచ్చేటప్పుడు నాలుగు సకినాలు కవర్లో వేసిచ్చారు. గోడ తీయిస్తానని ఆమె అంటే, మాకేం అభ్యంతరం లేదన్నారు.

మర్నాడు మేస్త్రీ పర్వతాలును పిలిపించింది. అతను గోడనూ గేటునూ మార్చి మార్చి చూశాడు.

"తీస్తే సీదా నీ ఇంటికే పోటమ్మా. ఇంటాయనకు మంచిది గాదు."

"ఇంటాయన గోడ ఉండంగనే పోయిండు. ఇగ ఎవరికి పోటు?"

సాయంత్రానికి గోడలో మనిషి పట్టేంత దారి పడింది. నిర్మలమ్మ ఇటుకపొడి ఊడ్చి, రెండు గ్లాసులు కడిగిపెట్టి, గేటు ముందు కుర్చీ వేసుకుంది. అవతల అరుగుల మీద ఆడవాళ్లు ఒకసారి ఇటు చూశారు. తరవాత గొంతులు తగ్గించి మాట్లాడుకున్నారు. ఇన్నేళ్లూ గోడ మీదుగా వచ్చిన మాటలు ఆ సాయంత్రం ఒక్కటీ వినపడలేదు.

చీకటి పడుతుండగా అవతలి వీధిలో స్తంభం లైటు వెలిగింది. వెలుగు గోడ సందులోంచి నేరుగా వచ్చి ఆమె గేటు మీద పడింది. నిర్మలమ్మ లేచి, కుర్చీని ఆ వెలుగులోకి జరుపుకుని కూర్చుంది.