చలికాలపు పూత

అన్నదమ్ములిద్దరూ ఒకే గోడకు పనిచేస్తూ ఏడాదిగా మాట్లాడుకోలేదంటే ఎవరైనా నవ్విపోతారు. నవ్వనివ్వండి. పైన పరంజా మీద అన్న, కింద సిమెంటు మాలు కలిపే మిషను దగ్గర తమ్ముడు. పైవాడు తాపీతో ఇనుప గొట్టం మీద ఒకసారి కొడితే మాలు కావాలని, రెండుసార్లు కొడితే ఇక చాలని. అంతకుమించి మాటలెందుకు? పని మాత్రం సాఫీగానే సాగిపోయేది.

మాటలు ఆగిపోయింది తల్లి విషయంలో. పోయిన చలికాలం ఆమె మంచాన పడి, "పెద్దోడేడీ?" అని అడుగుతుంటే తమ్ముడు కబురు పెట్టాడు. అన్న అప్పుడే ఒక పెద్ద గోడకు బయటి పూత వేసి ఉన్నాడు. చలికి మాలు ఎంతకీ బిగుసుకోదాయె. బిగియకముందే చెక్కతో రుద్దితే ఊడి జారుతుంది, వదిలేసిపోతే గరుకుగా గట్టిపడి పాడవుతుంది. "ఈ గోడ కాస్త పట్టుకోగానే వస్తా" అన్నాడు. గోడ పట్టుకునేసరికి చీకటి పడింది. ఇల్లు చేరేసరికి తల్లి లేదు.

"గోడ బాగా వచ్చిందా?" అని అడిగాడు తమ్ముడు. అదే ఆఖరి మాట.

ఇప్పుడు తమ్ముడు వేరే ఊళ్లో వేరే మేస్త్రి దగ్గర చేరుతున్నాడు. ఇద్దరూ కలిసి చేసే పనుల్లో ఈ గోడే ఆఖరిది. సాయంత్రం అతన్ని తీసుకెళ్లే లారీ వస్తుంది. ఈ సంగతి కూడా అన్నకు భార్య చెబితేనే తెలిసింది. లారీ వచ్చేలోగా "తప్పయిందిరా" అని ఒక్క మాట అనాలి. ఆ మాట అనకుండా తమ్ముణ్ణి పంపిస్తే ఇక జన్మలో అనలేనని అతనికి తెలుసు.

పొద్దున్నే మంచు ముసురుకుని ఉంది. ఈ చలిలో గోడ ఎప్పుడు బిగిసేను, తానెప్పుడు కిందికి దిగేను? పని కాస్త ముందుగా అయితే ఇద్దరూ కూర్చోవడానికి తీరిక దొరుకుతుంది. తమ్ముడు రాకముందే, మాలు కలిపే నీళ్ల డ్రమ్ములో మందు పోసేశాడు. తాగే మందు కాదు బాబూ, మాలు త్వరగా బిగుసుకునే మందు! కొలత ప్రకారమే పోశాడు, పాపం. కాకపోతే తాపీ పనివాళ్లకు ఒక పద్ధతుంది: ఎవరు వేసినా, రెండోవాడు మళ్లీ పోయకుండా "మందు పడిందోయ్!" అని గట్టిగా కేకెయ్యాలి. తమ్ముడు వచ్చాక చెబుదామనుకున్నాడు. తమ్ముడు వచ్చి, తల తిప్పుకుని మిషను వైపు పోయాడు. అన్న నోరు మెదపకుండా నిచ్చెన ఎక్కాడు.

తమ్ముడూ ఆ చలిని చూశాడు. అతనూ మిషనులో మందు పోశాడు. అతనూ కేకెయ్యలేదు. ఆహా, ఏం అన్నదమ్ములండీ!

పొద్దెక్కాక నీరెండ గోడ మీద పడింది. అన్న చెక్క పట్టుకుని, పూత మొదలుపెట్టిన మూలకు వెళ్లి బొటనవేలితో నొక్కాడు. వేలు దిగలేదు. అప్పుడే రాయి! చెక్క గీసుకుపోతోంది తప్ప గోడ నున్నబడటం లేదు. ఈ మూల నుంచి ఆ మూలకు వెంట్రుకల్లాంటి పగుళ్లు. పూత మొత్తం కొట్టేయడం తప్ప దారి లేదు.

కింద తమ్ముడు తలెత్తి చూశాడు. ముఖం పాలిపోయింది.

"అన్నయ్యా!"

అన్న చేతిలో చెక్క ఆగిపోయింది. ఏడాది తర్వాత విన్న పిలుపు.

"నువ్వు కూడా మందేమైనా వేశావా?"

వేశానంటే సరిపోయేది. నీతో కాసేపు కూర్చోవాలని వేశానురా అంటే ఇంకా బాగుండేది. కానీ అతనికి ఆ క్షణాన ఒక్కటే తోచింది: అమ్మ దగ్గరా తప్పు నాదే, ఇక్కడా నాదేనా?

"నేనా? లేదే."

తమ్ముడు డ్రమ్ము దగ్గరికి వెళ్లాడు. పక్కన పడి ఉన్న, తాను తేని ఖాళీ మందు డబ్బా తీసి, వాసన చూసి, ఉన్నచోటే పెట్టేశాడు.

"చలికి నీ మోకాళ్లు పట్టేస్తాయి కదా. చాలాసేపు పైన నిలబడలేవని వేశాను" అన్నాడు నెమ్మదిగా.

అన్నకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. చెక్కకు అంటిన మాలును గోకుతూ నిలబడ్డాడు.

ఇంతలో ఆ ఇంటి యజమానురాలు బయటికొచ్చింది. "అయ్యో అయ్యో, ఇదేంటయ్యా! ఎవరి నిర్వాకం ఇది?"

"నాదేనండీ" అన్నాడు తమ్ముడు. "మందు ఎక్కువైంది. అన్నయ్య పైనున్నాడు, ఆయనకేం తెలీదు. కొట్టేస్తాం."

ఆవిడ పైకి చూసింది. ఇప్పటికైనా చెప్పొచ్చు. లారీ ఇంకా రాలేదు. చెప్పవయ్యా మహానుభావా, నోరు తెరువు!

అన్న అవునన్నట్టు తల ఊపాడు.

తమ్ముడు అది చూశాడు. సుత్తి పట్టుకుని నిచ్చెనెక్కి వచ్చి, అన్న పక్కనే నిలబడి గోడ కొట్టడం మొదలుపెట్టాడు. లారీ వచ్చేదాకా కొడుతూనే ఉన్నాడు.