బువాలై అత్త చేతి దారాలు

మా ఉబోన్ పల్లెల్లో వరినాట్లప్పుడు ఎవరూ ఇంట్లో ఉండరు. కానీ బువాలై అత్త ఉండాలి. ఇరవై వారాల మాత్రల్లో ఆమె మింగింది ఆరు వారాలవే. తొమ్మిది రోజులుగా మందుల కోసం రాలేదని తెలియగానే, ఆస్పత్రి ల్యాబ్‌లో నా పని ముగించుకుని, మాత్రలు సంచిలో వేసుకుని బండి తీశాను. మడి బురదలోంచి కాళ్ల గుండా ఒంట్లోకి ఎక్కే మట్టి క్రిమిని ఆమె రక్తంలో మొదట చూసింది నేనే. వదిలిపెట్టే ప్రసక్తే లేదు.

అత్త మడిలో వంగి నాటు వేస్తోంది. వట్టి కాళ్లు. మేం ఇచ్చిన రబ్బరు బూట్లు గట్టు మీద పడి ఉన్నాయి. నాకు ఒళ్లు మండింది.

"మాత్రలెందుకు మానేశావత్తా?"

"ఇదిగో, చూడు!" రెండు చేతులూ చాపింది. మణికట్ల నిండా తెల్లదారాలు. "ఊరంతా వచ్చి కట్టారు. బెదిరి పారిపోయిన ప్రాణం తిరిగొచ్చి ఒంట్లో కూర్చుంది. ఇంకెక్కడి జబ్బు, ఫికున్? నీ దగ్గర మాత్రలు ఎక్కువైతే కోళ్లకి వెయ్యి."

పక్క మడిలో ఆడవాళ్లు పకపకా నవ్వారు.

"జ్వరం పోయింది, క్రిమి పోలేదు," అన్నాను. "ఒంట్లో కాపలా కణాలుంటాయి. క్రిమి కనబడితే మింగేస్తాయి. ఈ క్రిమి మాత్రం కావాలనే మింగించుకుంటుంది. లోపల తనని బంధించిన సంచిని చింపుకుని, ఆ కణంలోనే పిల్లల్ని పెడుతుంది. ఆనక గోడకి కన్నం వేసి పక్క కణంలోకి దూరుతుంది. బయట వీధిలోకి రావాల్సిన పనే లేదు. ఇంక వీధిలో ఎంతమంది కాపలా తిరిగితే ఏం లాభం?"

"అంటే దొంగ పోలీసు ఇంట్లోనే కాపురం పెట్టాడంటావు!"

"పెట్టాడు. మాత్ర ఇల్లిల్లూ వెతికి పట్టుకోవాలి. అందుకే ఇరవై వారాలు."

"నాట్లయ్యాక చూద్దాంలే." మళ్లీ వంగింది.

అప్పుడు, ఆస్పత్రిలో ఎవరికీ చెప్పని మాట చెప్పాను.

"మా అన్నకీ ఇదే జబ్బు. పదో వారంలో మానేశాడు. దుక్కలా ఉన్నాడు కదా అని నేనూ ఊరుకున్నాను, ఈ పనిలో ఉండి కూడా. రెండు నెలలకి జ్వరం తిరగబెట్టింది. నాలుగు రోజుల్లో పోయాడు. నేను కట్టిన దారం చేతికి ఉండగానే చితి మీద పెట్టాం."

నాకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు.

"నువ్వు మింగేదాకా ఈ గట్టు మీంచి కదలను. రేపూ వస్తాను. ఎల్లుండీ వస్తాను."

బువాలై అత్త చేతిలోని నారు వదిలేసింది. గట్టెక్కి, కాళ్లు కడుక్కుని బూట్లు తొడుక్కుంది. రెండు మాత్రలు మింగి, చిన్నపిల్లలా నాలుక చాపి చూపించింది. మర్నాడు పొద్దున్నే డాక్టరు దగ్గరికి వచ్చి మళ్లీ పరీక్షకి రక్తం ఇస్తానని ఒప్పుకుంది.

తర్వాత తన చేతి దారం ఒకటి మెల్లగా విప్పి, నా చెయ్యి లాక్కుంది.

"నాకెందుకత్తా? జబ్బు నీది."

"ఇంకా పద్నాలుగు వారాలు నా వెంట పడాల్సింది నువ్వే కదా. నీ ప్రాణం మీ అన్న వెనకే పోయినట్టుంది, పిల్లా. దాన్నీ పిలుద్దాం," అంటూ ముడి వేసింది.