శుభ్రమైన కట్టు

ఫణికి బైపాస్ అయి మూడు నెలలు దాటింది. ఇల్లు అలకగానే పండగ కాదని అతని భార్య త్రివేణికి ఇప్పుడు తెలిసొచ్చింది. గుండె బాగానే కొట్టుకుంటోంది. దాన్ని అందుకోవడానికి కోసి, మళ్ళీ తీగలతో బిగించిన రొమ్ము ఎముకే మొండికేసింది. మచ్చ కింది కొస నుంచి రోజూ కాస్త రసి కారుతుంది. పక్కకి ఒత్తిగిలితే మొగుడు మూలుగుతాడు, ఆమెకు మెలకువ వస్తుంది.

అమెరికాలో వాళ్ళుండే ప్లేనో ఊళ్ళోని సర్జన్ దగ్గరికి వెళ్ళే ప్రతిసారీ ఒకటే తంతు. డాక్టరుగారి ముందుకి మురికిగా వెళ్ళకూడదని త్రివేణికి వాళ్ళమ్మ నేర్పింది. అందుకని ఆమె ఫణి పుండు తుడిచి, కొత్త కట్టు వేసి, ఇస్త్రీ చొక్కా తొడిగేది. సర్జన్ విప్పి చూస్తే అంతా పొడి. నొప్పి పదికి ఎంతని అడిగితే ఫణి మర్యాదగా "రెండు" అనేవాడు. పైన పటారం, లోన లొటారం. వీళ్ళ మర్యాదకి ఆ సర్జన్ మాత్రం ఏం చేస్తాడు పాపం! వచ్చేసారీ పొడిగా ఉంటే ఇక రానక్కర్లేదన్నాడు.

తీరా వెళ్ళాల్సిన రోజు పొద్దున త్రివేణి లేవలేకపోయింది. ఆఫీసు, వంట, కట్లు, నిద్ర లేని రాత్రులు అన్నీ కలిసి ఆమెను పిండేశాయి. నిన్నటి కట్టుతోనే కారెక్కమంది.

"ఇలాగే వెళ్తామా? ఆయనేమనుకుంటాడు?" అన్నాడు ఫణి.

"ఏమన్నా అనుకోనీండి. నా వల్ల కావట్లేదు."

సర్జన్ కట్టు విప్పాడు. పచ్చటి మరక చూసి అతని మొహం మారింది. ఎప్పటినుంచని అడిగాడు.

"జస్ట్ టుడే," అన్నాడు ఫణి.

త్రివేణికి సిగ్గుతో తల వాలిపోయింది. అయినా నోరు తెరిచింది. "నో డాక్టర్. ఎవ్రీ డే. ఇక్కడికొచ్చే ముందు నేనే తుడిచేస్తున్నాను."

శాంపిల్ తీశారు, స్కాన్ చేశారు. రిపోర్టులు వచ్చాక తెలిసింది, మట్టిలో ఉండే ఏదో బ్యాక్టీరియా ఎముకలో కాపురం పెట్టిందట. గుండె ఆపరేషన్ల తర్వాత ఇది రావడం బహు అరుదట. మళ్ళీ కోసి ఎముక గీకాలి, నెలల తరబడి మందులు ఎక్కించాలి. పొడిగా ఉందని ఆ రోజు వదిలేసి ఉంటే గుండె దాకా పాకేదన్నాడు సర్జన్. ఏ ఓపిక లేకపోవడాన్ని ఆమె ఆ పొద్దున తిట్టుకుందో, అదే మొగుణ్ణి కాపాడింది.

ఆపరేషన్‌కి ముందు నర్సు వచ్చి నొప్పి ఎంతని అడిగింది. ఫణి అలవాటుగా నోరు తెరిచి, భార్య వైపు చూశాడు.

"ఎయిట్," అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

త్రివేణి ఆ కన్నీళ్ళు తుడవబోయి, నర్సు చూడనీ అని చెయ్యి వెనక్కి తీసుకుంది.